అమ్మ 60 కిలోలు, నీళ్లు 66 లీటర్లు

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం పంపారు, తాను రాస్తున్న నవలలోంచి రెండు అధ్యాయాలు కూడా జతచేశారు. లోకం కూలిపోయాక మిగిలినవాళ్ల కథ అది. మూడేళ్లుగా రాస్తున్నారు. కథలో కరెంటు శాశ్వతంగా పోయి 40 రోజులవుతుంది. ఒక మేడలో తలదాచుకున్న 11 మంది, 160 కిలోమీటర్ల దూరంలోని జలాశయానికి ఎనిమిది రోజుల్లో నడిచి చేరాలనుకుంటారు. కథ చెప్పే యువకుడి తల్లికి 66 ఏళ్లు, షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. మందు మూడు రోజులకే ఉంది. ఆమె నడవలేదు. 19వ అధ్యాయంలో, పేజీన్నరలో, కొడుకు రెండు సీసాల నీళ్లు మంచం పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోతాడు. 24వ అధ్యాయం ఆరో ఏట జరుగుతుంది. ఒక ధాన్యం గోదాములో 23 మంది ఉన్నారు. ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం గేటు ముందుకొస్తుంది. ‘నలుగురొస్తే పంటదాకా చాలదు’ అని నాయకుడు తుపాకీ చూపించి పంపేస్తాడు. అక్కడ కలం ఆగిపోయింది.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. 19వ అధ్యాయం చదివిన అక్క ఒక్క వాక్యం పంపింది: ‘నీకు అమ్మంటే మోయాల్సిన బరువేనా?’ రెండు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదు. ఈయన తల్లిగారికి నిజంగానే షుగర్ ఉంది. ఆమె ఉండేది ఈయన అక్క దగ్గరే, రెండు పూటలా ఇంజెక్షన్ ఇచ్చేది అక్కే. మాట్లాడుతూ కళ్లజోడు తుడుచుకోవడం, పని చేసుకుంటూ కూనిరాగం తీయడం, ఇన్సులిన్ పెన్నును పాత కళ్లజోడు డబ్బాలో దాచుకోవడం, కథలోని తల్లికి ఉన్న ఈ మూడు అలవాట్లూ వాళ్లమ్మగారివే. అమ్మగారు ఇంకా చదవలేదు. మరో స్నేహితుడేమో ‘ఆరేళ్ల తర్వాత మీ జీపుకి పెట్రోలు ఎక్కడిది?’ అని నవ్వాడట. ‘ఆ అధ్యాయం మెత్తబరిస్తే నవల అబద్ధమవుతుంది, ఉంచితే ఇల్లు విరుగుతుంది. అసలు ఇలాంటి కథకి క్రూరత్వం తప్పదా?’ అని అడుగుతున్నారు.

జవాబు:

మీకు కనబడుతున్నవి రెండే దారులు. అధ్యాయం ఉంచడం, లేదా తీసేయడం. మీ కథలో మనుషులకూ అంతే. తల్లిని మోసుకుపోవాలి, లేదా వదిలేయాలి. గేటు తీయాలి, లేదా తుపాకీ ఎత్తాలి. వాళ్లకి రెండే దారులు మిగిలింది లోకం కూలినందుకు కాదు, మీరు లెక్క సగంలో ఆపేసినందుకు. అక్క సంగతి చివర్లో చూద్దాం. ముందు 19వ అధ్యాయం పద్దు తీయాలి.

తల్లికి షుగర్ యాభై దాటాక వచ్చిందని రాశారు. అంటే చాలావరకు అది టైప్ 2. ఆ మనిషి ఒంట్లో ఎంతో కొంత ఇన్సులిన్ ఇంకా తయారవుతూనే ఉంటుంది. మందు ఆగిన మూడో రోజున ప్రాణం పోవడం టైప్ 2 కథ కాదు. కొన్ని రోజుల్లో ప్రాణం తీసేది, ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని టైప్ 1. అక్కడ తీరని దాహం, పదేపదే మూత్రం, వాంతులు, కడుపునొప్పి, ఊపిరిలో పండిన పళ్ల వాసన, లోతుగా వేగంగా శ్వాస, ఆ తర్వాత మగత వస్తాయి. టైప్ 2లో ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. నీళ్లు చాలకపోతే రక్తంలో చక్కెర చిక్కబడుతూ పోయి, మనిషి కొన్ని రోజులకో వారాలకో మగతలోకి జారుతుంది. ఏ రకమైనా ఆమెకి మిగతావాళ్లకన్నా ఎక్కువ నీళ్లు కావాలి. మీ కథలో కొడుకు మంచం పక్కన పెట్టింది రెండు సీసాలు. మీరు దాన్ని జాలిగా రాశారు. షుగర్ ఉన్న ఇంట్లో బతికినవాళ్లకి అది జాలిగా కనబడదు.

మీరు వదిలేసిన భయంకరమైన దృశ్యం ఇంకొకటుంది. 40 రోజుల్లో తిండి సగానికి పడిపోయిందని రాశారు. సగం తిండి మీద పాత డోసు పడితే చక్కెర అమాంతం పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు, స్పృహ తప్పడం. అంటే మీ కథలో ఆమెని ముందుగా చంపగలిగేది మందు లేకపోవడం కాదు, కొడుకు క్రమం తప్పకుండా, ప్రేమగా, పాత అలవాటు ప్రకారం ఇచ్చే ఇంజెక్షన్. పదో రోజునో పన్నెండో రోజునో అర్ధరాత్రి ఆమె చెమటతో తడిసిపోయి తికమకగా మాట్లాడితే, ఇంట్లో మిగిలిన ఆఖరి చెంచా చక్కెర ఎవరికన్న ప్రశ్న పుడుతుంది. ఆ 11 మందిలో ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు కదా. (ఇదంతా నవల కోసం. మీ అమ్మగారి డోసు సంగతి ఆమె డాక్టరే చూడాలి.)

ఇక సీసాల లెక్క. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే 10 మి.లీ. సీసాలో 1,000 యూనిట్లు ఉంటాయి. రోజుకు 40 యూనిట్లు వాడే మనిషికి అది 25 రోజులు వస్తుంది. 3 మి.లీ. పెన్ను అయితే ఏడున్నర రోజులు. 40వ రోజున మూడు రోజుల మందు మిగిలిందంటే, మొదటి రోజున ఇంట్లో 1,720 యూనిట్లు ఉన్నట్టు. తిండితో పాటు డోసు కూడా మొదటినుంచీ సగమై ఉంటే, 40వ రోజున ఇంకా నెలన్నర మందు మిగలాలి. మిగలలేదంటే ఏదో జరిగింది. సీసా పగిలిందా? ఎవరైనా దేనికో మార్చుకున్నారా? ఎండ పడే కిటికీలో పెట్టి పాడు చేశారా? ఆ ‘ఏదో’ రాయండి. ఆ గదిలో తప్పు మొదలయ్యేది అక్కడే, తలుపు దగ్గర కాదు.

‘ఫ్రిజ్ ఆగిన రాత్రే మందు పాడైపోయింది’ అన్న వాక్యం కొట్టేయండి. తెరిచిన సీసా చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు వేడిలో 28 రోజుల వరకు నిలుస్తుందని దానితో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే విషం కాదు, మెల్లగా బలం తగ్గుతుంది. గడ్డకడితే మాత్రం పనికిరాదు. ఒక మట్టికుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి, ఆ ఇసుకని రోజుకి రెండు సార్లు తడుపుతూ, పైన తడిగుడ్డ కప్పి గాలి ఆడేచోట ఉంచితే లోపలి వేడి బయటికన్నా చాలా తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అంత పనిచేయదు. ఎందుకంటే చల్లదనం వచ్చేది నీరు ఆవిరవడం వల్లనే. నీళ్లకి కటకటగా ఉన్న గదిలో ఆ ఇసుక తడపడానికి పోసే అరలీటరు మీద తప్పకుండా గొడవవుతుంది. ఆ గొడవ మీ నవలకి కావలసినదే.

మందు దొరకని చోట మనుషులు ఏం చేశారో చరిత్రలో ఉంది. 1941 చివర్లో షాంఘైలో మందుల దుకాణాలు మూతపడ్డాయి. అక్కడ శరణార్థిగా ఉన్న ఎవా సాక్సల్ అనే షుగర్ రోగి, ఆమె భర్త విక్టర్ ఒక వైద్య పుస్తకం ముందు పెట్టుకుని, ఒక ప్రయోగశాల సాయంతో నీటిగేదెల క్లోమగ్రంథి నుంచి గోధుమరంగు ఇన్సులిన్ తీశారు. కుందేళ్ల మీద పరీక్షించాక ఎవా తనే వేసుకుంది. తర్వాత అక్కడి మిగతా రోగులకూ ఇచ్చారు. మీ 11 మంది ఇలాంటి ఘనకార్యం చేయాలని కాదు. అటు ఆలోచించినవాడు ఒక్కడూ లేకపోతే మాత్రం ఆ గదిలో ఉన్నది నిస్సహాయత కాదు, తొందర.

ఇప్పుడు నడక. ఎనిమిది రోజుల్లో 160 కిలోమీటర్లంటే రోజుకి 20. పిల్లలతో, సగం తిండితో, మోతబరువుతో అది సాగదు. రోజుకి 12 నుంచి 15 అనుకోండి. వాళ్లని నిజంగా కట్టిపడేసేది నీళ్లు. తాగడానికి, వండుకోవడానికి తలకి 3 లీటర్లు చొప్పున 11 మందికి రోజుకి 33 లీటర్లు, అంటే 33 కిలోలు. దారిలో నీళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా రెండు రోజుల సరుకు మోయాలంటే 66 కిలోలు. పిల్లల వీపున వేయలేరు, పెద్దలకి మూటలున్నాయి. బండి కావాలి. సైకిల్ చక్రాలతో కట్టిన రెండు చక్రాల తోపుడు బండి నున్నటి రోడ్డు మీద వంద కిలోల దాకా ఓర్చుకుంటుంది. గుంతల రోడ్డులో స్పోకులు విరిగేవి ఆ బరువు దగ్గరే. ఇద్దరు లాగాలి, గంటకోసారి మనుషులు మారాలి.

ఆ తల్లి బరువెంతో మీరు ఎక్కడా చెప్పలేదు. 60 కిలోలు అనుకుందాం. నీళ్లు 66. రెండూ కలిస్తే 126. బండి ఓర్చుకోదు. బండిలో అమ్మ ఎక్కితే 11 మందికి రెండు రోజుల నీళ్లు దిగాలి. నీళ్లు ఎక్కితే అమ్మ దిగాలి. మీ పేజీన్నర వెనక దాగి ఉన్న అసలు బరువు ఇదీ. దీన్ని మీరు తాకనే లేదు. తాకి ఉంటే కొడుకు తలుపు వేసే దృశ్యం కన్నా, తెల్లవారుజామున బండిలో డబ్బాలు సర్దుతున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడని దృశ్యం ముందు రాసేవారు.

ఇక్కణ్నించి మీకు దారులు నాలుగైనా ఉన్నాయి.

ఆమెని ఎక్కించుకుని నడవవచ్చు. అప్పుడు నీళ్లు ఒక్కరోజువే. ఇద్దరు సైకిళ్ల మీద పది పదిహేను కిలోమీటర్లు ముందు వెళ్లి బావులు, చేతిపంపులు వెతికి రావాలి. నడక 10 కిలోమీటర్లకి పడిపోతుంది, ఎనిమిది రోజులు పదహారవుతాయి. తలకి 400 గ్రాముల చొప్పున 11 మందికి రోజుకి 4.4 కిలోల గింజలు కావాలి. అదనపు ఎనిమిది రోజులకి 35 కిలోలు. ఆ 35 కిలోలు ఎవరి వాటా అన్నది దారి పొడవునా రగులుతుంది. మీ నవల మధ్యభాగం పూర్తిగా మారిపోతుంది, జలాశయం చేరేది చివర్లోనే.

రెండో బండి కట్టవచ్చు. ఎనిమిది మంది పెద్దలున్నారు, ఒక్కో బండికి నలుగురు వంతులు వేసుకోవచ్చు. రెండో బండి ఎందుకు లేదో పాఠకుడు తప్పక అడుగుతాడు. చక్రాలు దొరకలేదంటే, వెతికిన సంగతి పేజీ మీద కనబడాలి. ఆ వెతుకులాట లేకుండా తల్లిని వదిలేస్తే అది విషాదం కాదు, రచయిత సౌకర్యం.

ఎవరో ఒకరు ఆమెతో ఆగిపోవచ్చు. కొడుకే ఆగితే కథ చెప్పే గొంతు అక్కడే ఉండిపోతుంది. మీ మిగిలిన పుస్తకమంతా కొత్త గొంతుతో రాయాలి. వేరేవాళ్లు ఆగితే కొడుకు జీవితాంతం మోసే బరువు తల్లి కాదు, ఆగినవాళ్లు.

లేదా, ఇప్పుడున్నట్టే వదిలేయవచ్చు. ఇదీ చెల్లే దారే. మెత్తబరచమని నేను చెప్పను. కానీ పూర్తిగా రాయండి. నీళ్లు ఎన్ని లీటర్లు వదిలారు, ఎవరి వాటాలోంచి? ‘మూడు రోజుల్లో తిరిగొస్తాం’ అన్న అబద్ధం ఎవరు చెప్పారు? ఆమె నమ్మిందా, నమ్మినట్టు నటించిందా? తలుపు బయట గడియ పెట్టారా, లేదా?

‘నన్ను వదిలేసి మీరు వెళ్లండి’ అని తల్లి తనే చెప్పడం మాత్రం వద్దు. అది కొడుకు తప్పుని కడిగేయడానికి రచయితలు వాడే సబ్బు. పెట్టక తప్పదనుకుంటే, సాయంత్రం అలా అన్న మనిషి తెల్లారేసరికి మాట మార్చుకుని ‘నన్నూ తీసుకుపో’ అనాలి.

నిర్ణయం ఎవరు తీసుకున్నారన్నది కూడా మీరు దాటేశారు. 1884లో మిగ్నోనెట్ అనే ఇంగ్లీషు పడవ మునిగి, నలుగురు చిన్న నావలో మిగిలారు. దాదాపు మూడు వారాలకి ఇద్దరు కలిసి పదిహేడేళ్ల కుర్రాణ్ని చంపారు, ముగ్గురు తిన్నారు. నాలుగైదు రోజులకే ఓడ వచ్చి కాపాడింది. ఒడ్డుకి చేరాక ఆ ఇద్దరూ ఏమీ దాచలేదు. సముద్రంలో ఇది మామూలే, తమనెవరూ తప్పుపట్టరు అనుకున్నారు. న్యాయస్థానం మాత్రం అవసరం హత్యకి సాకు కాదంది. మరణశిక్ష వేసి, తర్వాత ఆరు నెలల జైలుకి తగ్గించారు. చీట్లు వేయలేదు, కుర్రాణ్ని అడగలేదు. అందరికన్నా నీరసంగా ఉన్నవాణ్ని ఎంచుకున్నారు. దీని పక్కన 1972 పెట్టండి. ఆండీస్ మంచుకొండల్లో విమానం కూలింది, 45 మందిలో 16 మంది 72 రోజుల తర్వాత బయటపడ్డారు. వాళ్లూ చనిపోయినవాళ్ల మాంసం తిన్నారు. కానీ అంతకుముందు, ‘నేను పోతే నా ఒళ్లు మీరు వాడుకోండి’ అని ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. లోకం ఈ రెండింటినీ ఒకేలా చూడలేదు. చేసిన పని కన్నా అది ఎలా చేశారన్నది ఎక్కువ బరువు తూగింది.

‘క్రూరత్వం తప్పదా’ అన్న మీ ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. వ్యవస్థ కూలాక నీతి ఆవిరైపోదు, పద్ధతుల్లోకి కుదించుకుపోతుంది. చీటీ, ప్రమాణం, సాక్షి, వంతు, హద్దురాయి. మీ 11 మందిలో ఇవేవీ లేవు. 40 రోజులు ఒకే కప్పు కింద ఉన్న మనుషులు నీళ్లు పంచుకోవడానికైనా ఏదో ఒక పద్ధతి పెట్టుకుని ఉంటారు. ఆ పద్ధతి తల్లి దగ్గరికొచ్చేసరికి ఎలా తప్పిందో రాస్తే క్రూరత్వం విడిగా వడ్డించనక్కర్లేదు.

మూడో రోజుకే ముఠాలు, కత్తులు వచ్చేశాయని రాశారు. అది కూడా మళ్లీ ఆలోచించండి. 2005లో తుఫాను తర్వాత అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ స్టేడియంలో వందల శవాలున్నాయని పుకార్లు పుట్టాయి. తీరా చూస్తే ఆరు, అందులో నాలుగు సహజ మరణాలు. మొదటి రోజుల్లో మనుషులు ఎక్కువగా ఒకరికొకరు సాయం చేసుకుంటారు. చెడేది తర్వాత, సాగుతున్న ఆకలి వల్ల. అదీ మీరనుకునేలా కాదు. 1944లో అమెరికాలో మొదలైన మిన్నెసోటా ఆకలి ప్రయోగంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు ఆరు నెలలపాటు రోజుకి సుమారు 1,570 క్యాలరీల మీద బతికారు, ఒంటి బరువులో నాలుగో వంతు కోల్పోయారు. వాళ్లు ఒకరినొకరు పొడుచుకోలేదు. ఎప్పుడూ చలి అన్నారు, ప్లేట్లు నాకారు, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, నవ్వడం మర్చిపోయారు, ఎవరితోనూ కలవలేదు. ఆకలిగొన్న మనిషి పులి కాడు, ముడుచుకుపోయిన నత్త అవుతాడు. మీ 24వ అధ్యాయంలో అందరూ కండలు తిరిగి ఉన్నారు, గొంతులు ఖంగుమంటున్నాయి. రోజుకి 400 గ్రాముల గింజలంటే 1,400 క్యాలరీలే. పప్పు, నూనె, దుంప ఏదైనా తోడవకపోతే ఆ గొంతులు అలా మోగవు.

ఇక గేటు. గోదాములో వెయ్యి కిలోలున్నాయని, పంట 90 రోజుల్లో చేతికొస్తుందని రాశారు. పంట పోతే మళ్లీ విత్తడానికి వంద కిలోలు పక్కన పెట్టారు, అది తెలివైన పని. రెండో ప్రపంచయుద్ధంలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో, చాలామంది రోజుకి 125 గ్రాముల రొట్టె మీద బతుకుతూ ఊరు చచ్చిపోతున్నప్పుడు, అక్కడి విత్తన సంస్థలో శాస్త్రవేత్తలు టన్నుల గింజల మధ్య ఆకలితో ప్రాణాలు వదిలారు కానీ విత్తనాలు ముట్టలేదు. మీ నాయకుడు ఆ మాట ఎత్తాడంటే అతనికి తూకం తెలుసు. అలాంటప్పుడు మిగతా లెక్క కూడా అతనికి తెలిసి ఉండాలి కదా?

మిగిలింది 900 కిలోలు. 23 మందికి 400 గ్రాముల చొప్పున రోజుకి 9.2 కిలోలు, 97 రోజులు. పంటదాకా చాలు. 27 మందికి 10.8 కిలోలు, 83 రోజులు. ఏడు రోజులు తక్కువ. నాయకుడి మాట నిజమే అనిపిస్తుంది. కానీ 900 కిలోలని 90 రోజులకీ 27 మందికీ పంచి చూడండి, తలకి 370 గ్రాములొస్తాయి. తేడా 30 గ్రాములు. దోసిలి కాదు, ఒక చిన్న గుప్పెడు. ఆ కుటుంబాన్ని వెనక్కి పంపడానికి తలా ఒక గుప్పెడు గింజలు కారణం! వచ్చినవాళ్లలో ఇద్దరు పిల్లలు, తినేది ఇంకా తక్కువ. మీ పాఠకుల్లో ఒక్కడు కాగితం మీద ఈ భాగహారం చేస్తే చాలు, మీ నాయకుడు ఇక నాయకుడిగా నిలబడడు.

అతని పక్షాన వాదించే లెక్క కూడా ఉంది. పంట రెండు వారాలు ఆలస్యమైతే 104 రోజులకి 27 మందికి తలా 320 గ్రాములే, సుమారు 1,120 క్యాలరీలు. అది ప్రమాదమే. ఎలుకలు, బూజు తినేవి ఈ లెక్కలో లేనే లేవు. ఈ మాట అతను గేటు లోపల, తనవాళ్లతో చెప్పనివ్వండి. ఎవరో ఒకరు ‘పంట ఆలస్యమవుతుందని నీకెవరు చెప్పారు?’ అని అడగనివ్వండి.

లేదా అతని అసలు భయం గింజలు కాకపోవచ్చు. రోగం అయి ఉండవచ్చు. అప్పుడు మధ్యేమార్గాలు బోలెడు. 1377లోనే యూరప్‌లోని రగూసా రేవు పట్టణం తెగులు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లని 30 రోజులు ఊరి బయట ఉంచి తర్వాతే లోపలికి రానిచ్చింది. 1665–66లో ఇంగ్లండులోని ఈయమ్ గ్రామం తెగులు పక్కూళ్లకి పాకకుండా తననే కట్టడి చేసుకుంది. హద్దురాయి దగ్గర బయటివాళ్లు తిండి పెట్టి వెళ్లేవాళ్లు, ఊళ్లోవాళ్లు రాతి గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వదిలేవాళ్లు. మీ గేటు నుంచి వంద అడుగుల దూరంలో ఒక పాక, నెల రోజుల గడువు, రోజుకోసారి దించి వెనక్కి నడిచొచ్చే గింజల మూట. ఈ దారి ఎంచుకుంటే కథ తేలికవుతుందనుకోకండి. ఇరవయ్యో రోజున ఆ పాకలోంచి పిల్ల దగ్గు వినబడుతుంది. మూట మోయడం ఎవరి వంతు?

చిన్న తప్పులు త్వరగా చెప్పేస్తాను. మీ స్నేహితుడు నవ్వింది సబబే. పెట్రోలు మూణ్నాలుగు నెలల నుంచే పాడవడం మొదలవుతుంది. తేలికపాటి భాగం ఆవిరై, మిగిలింది జిగురుగా మారి కార్బురేటర్ సన్నరంధ్రాలు మూసేస్తుంది. నిల్వమందు కలిపినా ఏడాది, రెండేళ్లు. డీజిలు కాస్త మేలు, కానీ అడుగున నీరు చేరి నాచులాంటి జిగట పుడుతుంది. ఆరో ఏట జీపు తిరగాలంటే కట్టెల గ్యాస్ మీద తిప్పండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యూరప్‌లో అలాంటి బళ్లు రోడ్ల మీద తిరిగాయి. బయల్దేరే ముందు పొయ్యి రాజేసి పది పదిహేను నిమిషాలు ఆగాలి కాబట్టి, తుపాకులు వెంటాడుతుంటే దూకి పారిపోయే దృశ్యం వదులుకోవాలి. జలాశయం నీళ్లు ‘అద్దంలా ఉన్నాయని’ నేరుగా తాగించారు. తేటగా ఉండటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు. కుతకుతా మరిగాక ఒక నిమిషం చాలు, కానీ 23 మందికి రోజూ అంత కట్టె ఎవరు కొడతారు? ఆరేళ్లనాటి ద్రవ బ్లీచ్ మీద ఆధారపడకండి, అప్పటికి దాని బలం చాలావరకు పోయి ఉంటుంది.

ఇక అక్క.

మీరు ఆమె మాటని నవల మీద విమర్శగా తీసుకున్నారు. ఆమె రోజుకి రెండు సార్లు ఆ కళ్లజోడు డబ్బా తెరిచే మనిషి. ఎన్ని యూనిట్లు, ఈ పూట అమ్మ ఎంత తింది, పెన్ను ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశాం, ఇవన్నీ ఆమె వేళ్ల మీద ఉంటాయి. ఆమె చదివిన అధ్యాయంలో అదే డబ్బా పక్కన రెండు సీసాల నీళ్లు పెట్టి ఒకడు వెళ్లిపోయాడు. వేరే ఊళ్లో ఉంటున్న మీరు అది రాశారు. ‘అమ్మ మోయాల్సిన బరువేనా’ అన్న మాటలో ‘ఆ బరువు ఇప్పుడు మోస్తున్నది ఎవరు’ అన్న ప్రశ్న కూడా ఉందని నాకనిపిస్తోంది. నా ఊహ తప్పయినా కావచ్చు. కానీ ‘అది కథ మాత్రమే అక్కా’ అన్న జవాబు ఏ రకంగా చూసినా ఆమెకి చేరదు, ఇంకాస్త దూరం చేస్తుంది.

ఆ మూడు అలవాట్లూ మార్చవచ్చు. దానివల్ల నవలకి నష్టం తక్కువ, ఎందుకంటే కూనిరాగం, కళ్లజోడు ఆ తల్లిని గుర్తుపట్టడానికే పనికొస్తున్నాయి కానీ కథని నడపడం లేదు. డబ్బా మాత్రం నడుపుతోంది. దాన్ని తీస్తే ఇంకేదో వెతకాలి. అక్కకి మాత్రం ఇప్పుడు మార్చినందువల్ల పెద్దగా ఏమీ మారదు, చదివింది చదివేసింది.

మార్చకుండా అమ్మగారికే ముందు చూపించవచ్చు. ఆమె నవ్వి ‘నన్ను మరీ మూడో రోజుకే చంపేశావేంట్రా’ అనవచ్చు. అనకపోవచ్చు కూడా. ఒకసారి చూపించాక వెనక్కి తీసుకోలేరు. పైగా ఆ తర్వాతి రాత్రులు ఆమె పక్కన ఉండేది మీరు కాదు, అక్క. కాబట్టి అక్కకి చెప్పకుండా ఈ పని చేయకండి.

పుస్తకం అచ్చుకి ఇవ్వడం ఏడాది వాయిదా వేయవచ్చు. అది మౌనాన్ని కూడా ఏడాది సాగదీస్తుంది, దాని ధర మీకే తెలియాలి.

నేను గమనించింది ఇంకొకటుంది. మీ 11 మంది పేర్లూ రాసుకున్నాను. మెకానిక్కు, అతని భార్య, ఇద్దరు పిల్లలు, నర్సింగు మానేసిన కుర్రాడు, పక్కింటి అన్నదమ్ములు, పాత వాచ్‌మన్, టీచరు, కొడుకు, తల్లి. కొడుక్కి అక్క లేదు. మీరు అమ్మని ఉన్నదున్నట్టుగా, కళ్లజోడుతో సహా కథలోకి తెచ్చారు. రోజూ ఇంజెక్షన్ ఇచ్చే మనిషిని మాత్రం బయటే ఉంచేశారు. ఆమెని లోపలికి రానిస్తే ఆ పేజీన్నర నిలబడదని మీకు ఎక్కడో తెలుసేమో.

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి చేత్తో ఉత్తరం రాయండి. కొత్త అధ్యాయం జతచేయకండి, సంజాయిషీ కూడా వద్దు. తనని కథలో పెట్టలేదని ఇప్పుడే గమనించినట్టు చెప్పండి. తర్వాత ఆమెకి మాత్రమే జవాబు తెలిసిన ప్రశ్నలు అడగండి. కరెంటు పోయిన రాత్రి పెన్నులు ఎక్కడ పెడతావు? అమ్మ సరిగా తినని పూట ఏం చేస్తావు? ఎన్ని రోజుల మందు ఎప్పుడూ ఇంట్లో ఉంచుతావు? జవాబు రాకపోవచ్చు. కోపంగా రావచ్చు. వస్తే 19వ అధ్యాయం 40వ రోజు నుంచి కాదు, కరెంటు పోయిన మొదటి రాత్రి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. కొవ్వొత్తి వెలుగులో ఒకామె ఫ్రిజ్ తలుపు తీసి, సీసాలు బల్ల మీద వరసగా పెట్టి లెక్కపెడుతుంటుంది. తమ్ముడు ‘పొద్దున్నే వచ్చేస్తుందిలే కరెంటు’ అంటాడు.